ఊదా వరుసలో ఒక పెట్టె తక్కువ

ఆ రేవులో మూడో నంబరు షెడ్డుకు రెండు చివరలు. ఒక చివర మనుషులది. రెండో చివర ఎవరిదో ఎవరూ చెప్పరు.

ఓడ వైపు చివర అంతా వెలుగే. విహారయాత్ర ముగించుకొని వచ్చిన మహానౌక తెల్లవారకముందే అక్కడ ఒడ్డుకు ఒరుగుతుంది. దాని పక్కతలుపు తెరుచుకొని ఇనుప బోనుల నిండా పెట్టెలు దిగుతాయి. అరుపులు, నవ్వులు, చక్రాల కీచుమోతలు... అక్కడ దెయ్యానికి నిలుచునే చోటు కూడా దొరకదు.

ఊదారంగు వరుస ఉన్న చివర అలా కాదు. అక్కడ ఒకే ఒక దీపం. అదీ కళ్ళు చికిలించి చూసే ముసలివాడిలా వెలిగీ వెలగక ఉంటుంది. దాని కింద రెండువందల పైచిలుకు పెట్టెలు, సమాధులు తీర్చినట్టు, వరుసగా... ఆ వరుసలోకి ఒంటరిగా అడుగుపెట్టిన హమాలీ ఎవడూ వెళ్ళినంత తీరుబడిగా తిరిగి రాలేదు.

చెడ్డపేరు వట్టినే రాదు. చెప్పుకొనేవారు చెప్పుకొన్న క్రమంలోనే వినండి.

ముందు అక్కడి కొలువు సంగతి తెలియాలి. ఓడ ఒడ్డు చేరే ముందురాత్రి ప్రయాణికులు తమ పెట్టెలకు రంగుచీటీలు కట్టి, పదకొండు గంటలలోగా గది తలుపు బయట పెట్టాలి. ఇదివరకు తెల్లవారిన తరువాత పెట్టేవారు. రాత్రే పెట్టాలన్న నియమం ఆ ఏడాదే వచ్చింది. ఓడ పనివాళ్ళు వాటిని బోనుల్లో నింపుతారు. ఒడ్డున ముఠావాళ్ళు దింపుకొని, ఎర్రచీటీ పెట్టెను ఎర్ర వరుసలో, పచ్చచీటీ పెట్టెను పచ్చ వరుసలో పేరుస్తారు. ఆరింటికి తలుపులు తీస్తే, ప్రయాణికుడు తన రంగు వరుసకు వచ్చి, తన పెట్టెను తాను గుర్తుపట్టి, కస్టమ్స్ బల్ల ముందు చూపించి, ముద్ర వేయించుకొని బయటపడతాడు. ఊదారంగు అందరికంటే ముందు దిగిపోవలసిన తొందర మనుషులది. అందుకే ఆ వరుస బయటి ద్వారం పక్కన, షెడ్డు కొసన ఉంటుంది. మధ్యాహ్నానికల్లా అదే ఓడ కొత్త మనుషులను, కొత్త పెట్టెలను ఎక్కించుకొని మళ్ళీ సాగిపోవాలి. ఒక్క పెట్టె దగ్గర పని ఆగితే ఓడంత ఓడా ఆగుతుంది.

ఇదీ పని. ఇందులో దెయ్యానికేం పని?

కానీ వరుసగా ఏడు ఓడలు వచ్చాయి. ఏడుసార్లూ ఊదా వరుసలో... ఒక పెట్టె తక్కువ.

బోనులోనుంచి దింపేటప్పుడు సరిపోయిన లెక్క, అయిదున్నరకు మళ్ళీ లెక్కిస్తే సరిపోదు. తగ్గేది ఒకటే. ఎప్పుడూ ఒకటే.

అంతకంటే వింత మరొకటి ఉంది. తన పెట్టె పోయిందని ఏడ్చిన ప్రయాణికుడు ఒక్కడూ లేడు! సబ్బుపెట్టె మూత పగిలితేనే రేవు దద్దరిల్లేలా అరిచే జనం, నిండు పెట్టె మాయమైతే కిక్కురుమనలేదు.

ముఠాలో నిచ్చెన అని పిలుచుకొనే పొడుగాటి హమాలీ ఒకడు ఈ ముడి విప్పాడు.

"పెట్టె పోయింది. అడిగే మనిషి లేడు. అంటే ఏమిటి? అది మనిషి పెట్టె కాదు."

ఆ మాటతో తాగుతున్న టీ అందరికీ గొంతులోనే నిలిచిపోయింది.

నిచ్చెన ఊరికే అనలేదు. రెండో ఓడ వచ్చిననాడు, నాలుగింటికి ముఠా అంతా ఓడ వైపు చివరన టీకి పోగైన వేళ, మరిచిపోయిన తలగుడ్డ కోసం ఊదా వరుసకు వెళ్ళి, వాడు కళ్ళారా చూశాడు. తెల్లని ఆకారం... నెత్తినుంచి పిక్కలదాకా తెలుపే. కింద పాదాలు లేవు! నేలకు జానెడు పైన తేలుతూ, ఒక్కొక్క పెట్టె మీదికీ వంగి, వాసన చూస్తున్నట్టు చూస్తూ...

"నాది... నాది ఏదీ..."

తలగుడ్డ ఈనాటికీ అక్కడే ఉందంటారు.

నాలుగో ఓడనాడు అది ఆడగొంతుతో ఏడ్చింది. అయిదో ఓడనాడు ఒళ్ళు చేసింది. ఆరో ఓడనాడు దానికి కళ్ళజోడు వచ్చింది. "కామరూపిరా నాయనా, ఏ రూపం కావాలంటే ఆ రూపం కడుతుంది," అని పెద్దవాళ్ళు తేల్చారు. కళ్ళజోడు దేనికని ఒకడు అడిగితే, "చీటీ చదవొద్దూ?" అని వాడి నోరు మూయించారు.

ఏడో ఓడ వెళ్ళిపోయిన సాయంత్రం రేవు సూపరింటెండెంటు ముఠా మేస్త్రిని గదిలోకి పిలిపించాడు.

మేస్త్రి ఇరవైరెండేళ్ళుగా ఆ షెడ్డులో బరువులు మోసిన మనిషి. గున్నయేనుగంత పెట్టెనైనా భుజానికెత్తగలడు. చీకటిని మాత్రం ఎత్తలేడు. రాత్రివేళ పెరటి వైపు వెళ్ళవలసివస్తే భార్యను లేపి గుమ్మంలో నిలబెట్టి, అరనిమిషానికొకసారి "ఉన్నావా?" అని పలకరించుకొనే ధీరుడు.

"చూడు మేస్త్రీ," అన్నాడు సూపరింటెండెంటు, కాగితాల మీదినుంచి తల ఎత్తకుండా. "దెయ్యం కథలు నాకు చెప్పకు. కాగితం మీద ఎన్ని ఉంటే నేల మీదా అన్నే ఉండాలి. ఎనిమిదో ఓడకు ఒక్కటి తగ్గిందా... నీ ముఠా తొమ్మిదిమందీ ఇంటికి. కొత్తవాళ్ళను పెడతాను."

"మాది పోయిందని అడిగినవాళ్ళే లేరు కదండీ..."

"అడగలేదంటే పోలేదని కాదు. దొంగ నీ ముఠాలోనే ఉన్నాడు."

దొంగ! ఆ మాటతో మేస్త్రికి నెత్తిన పెట్టె జారిపడ్డట్టయింది. ఇరవైరెండేళ్ళలో చినిగిన సంచిలోనుంచి రాలిన బొత్తామునైనా ఏరి సంచిలోనే వేసిన చేతులు అతనివి. తొమ్మిది ఇళ్ళ పొయ్యిలు ఆ వరుస మీద ఆధారపడ్డాయి.

ఇంటికి వచ్చి భార్యతో చెప్పుకొన్నాడు.

"దొంగ అనిపించుకొని బతికేకంటే దెయ్యం నోట్లో పడడమే నయం," అంది ఆవిడ. "ఈసారి ఆ వరుసలోనే కూర్చో. వచ్చేదేదో చూసి పట్టుకో."

"నువ్వు కూడా వస్తే... అలా గుమ్మంలో నిలబడుదువుగాని..."

"రేవు గుమ్మంలో కూడా నేనే నిలబడాలా? ఏం, ఆ దెయ్యం నాకంటే భయంకరంగా ఉంటుందా?"

"ఆ మాట నేననలేదు."

"అనే ధైర్యముంటే ఆ దెయ్యాన్ని ఈపాటికి పట్టుకొనేవాడివే."

ఎనిమిదో ఓడ వచ్చింది.

బోనులు దిగాయి. ఊదాచీటీ పెట్టెలు సరిగ్గా రెండువందల పన్నెండు. మేస్త్రి తన చేత్తో తానే లెక్కించాడు. ఒక్కొక్క పెట్టెనూ తట్టి మరీ లెక్కించాడు. నాలుగు కావస్తుండగా ముఠా టీకి కదిలింది. బావమరిది – మేస్త్రి భార్యకు తమ్ముడు, అదే ముఠాలో హమాలీ – ఒక నల్లటి టార్పాలిన్ పట్ట తెచ్చి అతని మీద కప్పాడు.

"ఇలా ముడుచుకొని కూర్చో బావా. అచ్చం పెట్టెలాగే ఉన్నావు."

"నువ్వూ కూర్చోరా, పక్కన చోటుంది."

"ఇద్దరం కూర్చుంటే ఇద్దరం పోతాం. జరగరానిది జరిగితే అక్కనీ పిల్లల్నీ చూసుకొనే మనిషి ఒకడు ఉండొద్దూ?"

ఆ ముందుజాగ్రత్తకు మేస్త్రి కళ్ళు చెమర్చాయి. ఆనందంతో మాత్రం కాదు.

అడుగుల చప్పుడు దూరమైంది. ఆగిపోయింది.

ఎటుచూసినా పెట్టెలు. పెట్టెల నడుమ నీడలు. పైనెక్కడో రేకుల కప్పు చలికి టిక్కుమంది... మళ్ళీ టిక్కుమంది. ఓడ కడుపులో ఇంజను గుర్రు. ఆ గుర్రుకింద తన గుండె కొట్టుకోవడం – అది తన గుండేనా, పక్కపెట్టెలోనుంచి వస్తున్నదా?

నోటికొచ్చిన దేవుళ్ళనందరినీ తలుచుకొన్నాడు. ఒకరిద్దరిని రెండుసార్లు తలుచుకొన్నాడు.

అప్పుడు...

చప్పుడు కాదు. చప్పుడు లేకపోవడమే దగ్గరవుతున్నట్టు ఉంది. ఎవరో ఊపిరి పీలుస్తున్నారు. నేల మీద అడుగు పడటంలేదు, ఊపిరి మాత్రం నడిచి వస్తున్నది!

పట్ట అంచు వెంట్రుకవాసి ఎత్తి చూశాడు.

తెల్లగా... పొడుగ్గా... భుజాల మీదినుంచి జారుతూ, ఈడ్చుకొంటూ... నిచ్చెన చెప్పింది చెప్పినట్టే! కింద పాదాలు లేవు.

ఆకారం మొదటి పెట్టె మీదికి వంగింది. "నల్లది..." అని నిట్టూర్చింది. రెండో పెట్టె మీదికి వంగింది. "ఇదీ నల్లదే..." మూడోది. "అన్నీ నల్లవే... భగవంతుడా, అన్నీ నల్లవే..."

దెయ్యం భగవంతుణ్ణి తలుస్తుందా అన్న సందేహం ఆ క్షణంలో మేస్త్రికి రాలేదు. పై ప్రాణాలు పైనే పోతుంటే సందేహాలకు తీరికెక్కడ?

ఒక్కొక్క పెట్టే దాటుతూ అది వస్తున్నది. అయిదు పెట్టెల దూరం... మూడు... ఒకటి...

ఆగింది.

సరిగ్గా అతని ముందే ఆగింది.

"ఇదే అయివుంటుంది," అని గొణిగింది.

చల్లని చెయ్యి ఒకటి పట్ట మీద పడింది. తడిమింది. నెత్తి తడిమింది, మెడ తడిమింది, పిడి కోసం వెదుకుతూ కిందికి జారి... పట్ట సందులోనుంచి దూరి, అతని చెవి దొరకబుచ్చుకొని, గట్టిగా పైకి లాగింది.

"అబ్బా, ఇంత బరువు ఎప్పుడైంది!"

"చచ్చాన్రో!" అన్నది పెట్టె.

"దెయ్యం!" అన్నది దెయ్యం.

"దెయ్యం! దెయ్యం!" అన్నాడు మేస్త్రి.

ఒకరినొకరు చూసి, ఎవరి గొంతు పెద్దదో తేలేదాకా అరుచుకొన్నారు. అల్లంత దూరాన టీ గ్లాసులు భళ్ళుమన్నాయి. "అక్కకి నేనేం చెప్పనురా దేవుడా!" అంటూ బావమరిది గొంతు ఒకటి ఓడ వైపుకే దౌడు తీసింది. ఊదా వరుస పక్కనే అద్దాల గదిలో కునుకుతున్న కస్టమ్స్ అధికారి – ముద్రల అయ్యగారని రేవంతా పిలిచే పెద్దమనిషి – ఒక్క ఉదుటున లేచి కిటికీ రేకు ధడాలున దించేశాడు.

కేకల ఊపులో తెల్లని ఆకారపు తెలుపు కాస్తా జారి కింద పడింది.

అది ఓడవారి దుప్పటి.

దుప్పటి కింద చొక్కా ఉంది. చొక్కా కింద చారల చెడ్డీ ఉంది. చెడ్డీ కింద ఉండవలసినదేదీ లేదు. పిక్కలదాకా నల్లటి మేజోళ్ళు మాత్రం ఉన్నాయి. ఆ మసక వెలుగులో, నల్లని నేల మీద, అవి పాదాలను మింగేశాయి.

మేస్త్రి చాలాసేపు ఆ పాదాల వైపే చూశాడు. ఉన్నాయి. రెండూ ఉన్నాయి.

"ఎవరు మీరు?" అన్నాడు.

ఆకారం దుప్పటి ఏరుకొని ఆదరాబాదరాగా చుట్టుకొంది. అరవై ఏళ్ళ పెద్దమనిషి. నెరిసిన జుట్టు, విశాలమైన నుదురు, లోకమంతటికీ పాఠం చెప్పగల ముఖం.

"నెమ్మదిగా నాయనా... గట్టిగా మాట్లాడకు. నేను తర్కశాస్త్రం చెప్పే ఆచార్యుణ్ణి."

"ఇక్కడ ఏం చేస్తున్నారండీ?"

"రాత్రి పదకొండుకల్లా పెట్టెలన్నీ గది బయట పెట్టమన్నారు. పెట్టాను."

"పెడితే?"

"అన్నీ పెట్టాను."

మేస్త్రి ఒక క్షణం ఆలోచించాడు. "అన్నీ అంటే... రేపు తొడుక్కోవలసినవి కూడానా?"

ఆచార్యుడు తల దించుకొన్నాడు. "ప్యాంట్లు నాలుగూ. బూట్లు కూడా. ఉతికిన చొక్కాలతోపాటు సర్దేశాను నాయనా. పైజమా మాత్రం మా ఆవిడ చివరి నిమిషంలో మడతపెట్టి లోపల వేసింది, చీకట్లో ఎవరు చూస్తారు, పడుకో అని. తన జత మాత్రం తీసి దిండుకింద పెట్టుకొంది. నాకు చెప్పలేదేమంటే, మూడుసార్లు చెప్పిందట."

"ఓడలో దుకాణముంది కదండీ, ఒకటి కొనుక్కోవలసింది."

"ఎనిమిదింటికి గాని తెరవరు. ఊదారంగువాళ్ళం ఆరింటికే దిగాలి. గదులు ఊడ్చే కుర్రాడి కాళ్ళావేళ్ళా పడ్డాను. నాలుగింటికి ముఠా టీకి పోతుంది, ఓడ తోకవైపు చిన్నతలుపులోంచి దింపుతాను, ఎవరి కంటా పడకుండా పెట్టె తెచ్చుకోండి, ఎవరైనా చూస్తే నా కొలువు పోతుంది అన్నాడు."

మేస్త్రి ఒక అడుగు దగ్గరికి జరిగాడు. "ఇలా... ఇంతకుముందు కూడా..."

"అదే అడిగాను. సిగ్గుపడకండి సార్, ఈ నియమం వచ్చినప్పటినుంచీ ప్రతి ఓడకూ ఒకరుంటారు అన్నాడు."

ప్రతి ఓడకూ ఒకరు!

మేస్త్రికి కళ్ళముందు ఏడు దెయ్యాలూ వరుసగా నిలబడ్డాయి. ఆడగొంతుది, లావుపాటిది, కళ్ళజోడుది... పెట్టె మోసుకొని గుట్టుగా ఓడలోకి తిరిగి వెళ్ళి, తొడుక్కొని, పెట్టె చేత్తో పట్టుకొని దర్జాగా దిగిపోయిన దెయ్యాలు! అడిగే మనిషి లేకపోవడమేమిటి? అడగవలసిన పెట్టె అడగవలసిన చేతిలోనే ఉంటే ఎవరడుగుతారు?

అమ్మయ్య అనుకోబోయాడు. అంతలో అసలు సంగతి గుర్తొచ్చింది.

"అయ్యా, మీరు దీన్ని తీసుకుపోతే ఇక్కడ రెండువందల పదకొండే మిగులుతాయి. నా ముఠా తొమ్మిదిమందీ రోడ్డున పడతాం. ఇక్కడే తీసి తొడుక్కొని, పెట్టెను వరుసలోనే వదిలి వెళ్ళండి."

"అలాగే, అలాగే! దానికేం భాగ్యం!"

ఇద్దరూ కలిసి వెదికారు. ఈసారి పెట్టె దొరికింది. ఆచార్యుడు తాళం మీద చెయ్యి వేశాడో లేదో...

"ఆగండి!"

కిటికీ రేకు బెత్తెడు లేచింది. ఆ సందులోనుంచి ముద్రల అయ్యగారి కళ్ళు రెండు మెరిశాయి. భయంతో ఆయన పెదవులు వణుకుతున్నాయి. నియమం మాత్రం వణకలేదు.

"మీరు మనిషైనా సరే, దెయ్యమైనా సరే. ముద్ర పడని పెట్టెను షెడ్డులో తెరవడానికి వీల్లేదు. నా బల్ల మీదనే తెరవాలి. పాస్‌పోర్టు చూపించి తెరవాలి."

"పాస్‌పోర్టు ప్యాంటు జేబులో ఉందండీ," అన్నాడు ఆచార్యుడు.

"ప్యాంటు ఎక్కడుంది?"

"పెట్టెలో."

"అయితే పెట్టె తెరిచి తీయండి."

"తెరవనిస్తారా?"

"పాస్‌పోర్టు చూపిస్తే ఎందుకు తెరవనివ్వను?"

తర్కశాస్త్రం నలభై ఏళ్ళు చెప్పిన ఆచార్యుడు నోరు తెరిచి, మూసి, "ఇది చాలా శుద్ధమైన చక్రం," అని మెచ్చుకోలుగా అన్నాడు.

"మరి దారేమిటి అయ్యగారూ?" మేస్త్రి బతిమాలాడు. "అవతల అయిదు కావస్తోంది."

ముద్రల అయ్యగారు రేకు ఇంకొక బెత్తెడు లేపాడు. "ఓడకు తిరిగి వెళ్ళే పెట్టెకు ముద్ర అక్కరలేదు. అది ఇంకా ఒడ్డు చేరనట్టే లెక్క. ఎవరికి అప్పగించామో రిజిస్టరులో రాసి, సంతకం తీసుకొంటే చాలు. మేస్త్రి లెక్కా కుదురుతుంది. పేరు చెప్పండి."

మేస్త్రి ముఖం వెలిగింది. ఆచార్యుడి ముఖం ఆరిపోయింది.

"పేరు... పేరు మాత్రం వద్దు."

"పేరు లేకుండా ఎలా రాస్తాను?"

"ఈ ఓడలో నా శిష్యులు ముప్పైమంది ఉన్నారండీ. ఈ యాత్రలోనే, పై అంతస్తులో, ముందుచూపు అనే విషయం మీద మూడు ఉపన్యాసాలు ఇచ్చాను. చివరిదానికి లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ప్యాంటు లేక పట్టుబడ్డానని మీ పుస్తకంలో నిలిచిపోతే, ఇక నేను బతికి..."

"అయ్యా, మీ మానం మీకు ముఖ్యమే," అన్నాడు మేస్త్రి, చేతులు జోడించి. "కానీ రాయకపోతే నేను దొంగనవుతాను. నాతోపాటు ఎనిమిదిమంది. మీకు ఒక రాత్రి ప్యాంటు లేకపోయింది. మాకు రేపటినుంచి పనే ఉండదు."

ఆచార్యుడు అతని ముఖంలోకి చూశాడు. తరువాత కిటికీ వైపు తిరిగాడు.

"దెయ్యం తీసుకుపోయిందని రాయండి. సంతకం నేను చేస్తాను."

"కుదరదు. ముప్పై ఏళ్ళుగా ఈ పుస్తకంలో నేనొక్క అబద్ధం రాయలేదు."

"మీరు కిటికీ రేకు ఎందుకు దించారు?"

ముద్రల అయ్యగారు గొంతు సవరించుకొన్నాడు. "...దెయ్యమనుకొని."

"ఈ మేస్త్రి ఎందుకు అరిచాడు?"

"దెయ్యమనుకొని."

"ముఠా అంతా ఎందుకు పారిపోయింది?"

"దెయ్యమనుకొనే."

"కనుక 'దెయ్యముగా భావింపబడిన వ్యక్తికి' అని రాయండి. అందులో అబద్ధం ఎక్కడుంది?"

ముద్రల అయ్యగారు పైకీ కిందికీ చూశాడు. రెండుచోట్లా అబద్ధం కనబడలేదు. రేకు పూర్తిగా పైకెత్తి, రిజిస్టరు తెరిచి, గుండ్రటి అక్షరాలతో ఇలా రాశాడు:

'ఊదారంగు చీటీ గల నల్లపెట్టె ఒకటి, దెయ్యముగా భావింపబడిన ప్రయాణికునకు ఓడకు తిరిగి తీసుకొనిపోవుటకై అప్పగించడమైనది. కారణము: ప్యాంటు.'

దెయ్యం సంతకం చేసింది. ఎవరికీ అర్థంకాని సంతకం అది. ఆచార్యుల సంతకాలు సాధారణంగా అలాగే ఉంటాయి. పెట్టె భుజానికెత్తుకొని, దుప్పటి ఈడ్చుకొంటూ, నేలకు జానెడు పైన తేలుతూ ఓడ వైపు సాగిపోయింది. దారిలో నిచ్చెన ఎదురుపడ్డాడని, చూసి అక్కడే కూర్చుండిపోయాడని చెబుతారు.

అయిదున్నర అయింది.

సూపరింటెండెంటు వచ్చాడు. తన చేత్తో లెక్కించాడు. ఒక కొసనుంచి లెక్కించాడు, రెండో కొసనుంచి లెక్కించాడు.

"రెండువందల పదకొండు," అన్నాడు. "నేను చెప్పింది గుర్తుందిగా మేస్త్రీ?"

తొమ్మిదిమందీ వరుసగా నిలబడ్డారు. ఎవరి ముఖంలోనూ కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. మేస్త్రి రిజిస్టరు తెచ్చి ముందు పెట్టాడు.

సూపరింటెండెంటు చదివాడు.

కనుబొమలు ముడిపడ్డాయి. మళ్ళీ చదివాడు. 'కారణము' అన్నచోట అతని వేలు ఆగింది... అక్కడే ఉండిపోయింది.

"ఇది... నిజంగా జరిగిందా?"

"ముద్రల అయ్యగారు సాక్ష్యమండీ. ప్రతి ఓడకూ ఒకరు ఇలాగే వస్తున్నారటండీ. తగ్గిన ఆ ఏడు పెట్టెల సంగతీ ఇంతేనండీ. మాలో దొంగ లేడండీ..."

సూపరింటెండెంటు రిజిస్టరు చంకన పెట్టుకొని తన గదిలోకి నడిచాడు. గుమ్మంలో ఆగి, వెనక్కి తిరగకుండానే, "నువ్వొక్కడివీ లోపలికి రా," అన్నాడు.

"అయిపోయింది బావా," అని గొణిగాడు బావమరిది. "అక్కకి నేను చెబుతాలే."

మేస్త్రి కాళ్ళీడ్చుకొంటూ లోపలికి వెళ్ళాడు.

సూపరింటెండెంటు తలుపు వేశాడు. గడియ పెట్టాడు. కిటికీ తెర లాగాడు. కుర్చీలో కూర్చుని, చాలాసేపు బల్ల మీది కాగితాలు అటువి ఇటూ, ఇటువి అటూ సర్దాడు. అతని చెవుల కొసలు ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

"ముఠా ఎక్కడికీ పోదు," అన్నాడు చివరికి. "నీ మనుషులను పనిలోకి పంపించు. దొంగ అన్నందుకు... ఆ మాట నేను వెనక్కి తీసుకొంటున్నాను."

మేస్త్రి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి, కన్నీళ్ళు తుడుచుకొంటూ వెనుదిరిగాడు.

"మేస్త్రీ."

ఆగాడు.

సూపరింటెండెంటు గొంతు గుసగుసలోకి దిగిపోయింది.

"ముద్రల అయ్యగారిని అడిగి చూడు... వెనకటి తేదీ వేసి, ఇలాంటిదే ఇంకొకటి రాయడానికి వీలవుతుందేమో."

"ఏ ఓడకండీ?"

"మూడోదానికి. సిబ్బందికి తక్కువ ధరకు టిక్కెట్లిస్తే, మా ఆవిడతో నేనూ వెళ్ళాను. మిగతా ఆరూ దొంగతనాలే అనుకొన్నాను..." అతను బల్ల మీద రెండు మోచేతులూ ఆనించి, ముఖం అరచేతుల్లో దాచుకొన్నాడు. "నాకు ఆ రోజు దుప్పటి కూడా దొరకలేదు మేస్త్రీ. చేతులు తుడుచుకొనే తువాలు."